కంబన్న మార్చిన స్ప్రింగులు

కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు దాటాక రోడ్డుకు ఎడమ పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దాని ముందు పొద్దున పూట బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ అమ్మే తోపుడు బండి నిలబడి ఉంటుంది. షెడ్డు కంబన్నది, తోపుడు బండి అతని భార్య గిడ్డమ్మది. వాళ్ల ఇల్లు షెడ్డు వెనకాలే. ఆ దారిన పోయేవాళ్లలో కొందరు ఆకలికి ఆగుతారు, కొందరు మోటారు సైకిలు బాగుచేయించుకోవడానికి ఆగుతారు. బాగుచేసేలోగా ఒక ప్లేటు తినేవాళ్లే ఎక్కువ.

కంబన్నది ఆలూరు పక్క పల్లె. వానలు మొహం చాటేసిన ఏడాది తల్లి వెంట కర్నూలుకు కూలికి వచ్చి, పాత బస్టాండు దగ్గర ఒక ఉస్తాద్ షాపులో పానాలు అందించే పనికి కుదిరాడు. ఉస్తాద్ ఇంజిన్ పని నేర్పాడు గానీ కంబన్న మనసు మాత్రం బండి ముందు భాగం మీదే ఉండేది. హ్యాండిలు, ఫోర్కు గొట్టాలు, చక్రం, బ్రేకు. ఇంజిన్ చెడితే బండి ఆగిపోతుంది, ముందు భాగం చెడితే మనిషే పోతాడని అతని లెక్క. సొంతంగా షెడ్డు వేసుకున్నాక దూరప్రయాణాలు చేసే పెద్ద బండ్లవాళ్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. గుంతలో పడితే చేతులు అదురుతున్నాయన్నా, బ్రేకు పడితే ముందర మునుగుతోందన్నా, అందరూ కంబన్న పేరే చెప్పేవాళ్లు.

ఈ ఏడాది ఉగాదికి ముందు నుంచి అతనిలో ఏదో తేడా వచ్చింది. మొదట చిన్నచిన్నవి. షెడ్డు తాళంచెవి బొరుగుల డబ్బాలో దొరికింది. ఉల్లిగడ్డల కోసం మార్కెట్టుకు పోయి ఉత్త సంచితో తిరిగి వచ్చాడు. ఏళ్ల తరబడి వచ్చే గిరాకీని పట్టుకుని "మీదే ఊరు సారూ?" అని అడిగాడు. వయసు మీద పడుతోందిలే అని జనం నవ్వారు. కంబన్న కూడా నవ్వాడు. కానీ లోపల అతనికి నవ్వు రాలేదు.

ఎందుకంటే ఇది అతను ఇంతకుముందు చూసిందే. తల్లి చివరి రోజుల్లో తన ఇంట్లో తన మంచం మీదే కూర్చుని, "పొద్దు పోతాంది నాయనా, ఇంటికి పోదాం పా" అనేది. ఎంత చెప్పినా వినేది కాదు. కంబన్న ఆమెను చేయి పట్టి వీధి చివరిదాకా నడిపించి, మళ్లీ అదే గుమ్మంలోకి తీసుకొస్తే, "ఇల్లొచ్చింది" అని స్థిమితపడేది. ఆ జబ్బుకు పేరేమిటో ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు తాళంచెవి దొరకని ప్రతిసారీ కంబన్నకు తల్లి గుర్తొచ్చేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పని చేసేటప్పుడు మాత్రం ఒక్కో బోల్టు బిగిస్తూ పైకే అనుకోవడం మొదలుపెట్టాడు. "ఎడమ పైది అయింది. ఎడమ కిందిది అయింది." పక్కనే బాణలి ముందున్న గిడ్డమ్మకు ఆ గొణుగుడు వినిపించేది.

అట్లాంటి రోజుల్లో రంగనాథ్ వచ్చాడు. బోరు మోటార్ల వ్యాపారి, భారీ మనిషి. రెండు పక్కలా పెట్టెలు తగిలించుకునే పెద్ద టూరింగ్ బండి అతనిది. భార్య అంజలిని ఎక్కించుకుని గండికోట మీదుగా కన్యాకుమారి దాకా పోవాలని ఇద్దరి కోరిక.

"బ్రేకు పడితే సాలు, ముందర నేల నాకుతాండాది కంబన్నా," అన్నాడు రంగనాథ్. "మొన్న గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు మా ఆమె నా ఈపు మీదికొచ్చి పడింది."

కంబన్న హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని బరువంతా వేసి నొక్కాడు. ముందు భాగం మెత్తగా దిగబడి, పైకి వచ్చి రెండుసార్లు ఊగింది. "కంపెనీ ఏసిన స్ప్రింగులు ఒక్క మనిషికి సరిపోతాయి సారూ. మీరిద్దరు, పెట్టెలు, సామాను. వీటి వల్ల కాదు. గట్టివి తెప్పిచ్చుకోండి. దాంతోపాటే ఆయిలు గూడా చిక్కనిది పోస్తా."

స్ప్రింగులు బెంగుళూరు నుంచి వచ్చాయి. రంగనాథ్ బండిని షెడ్డులో వదిలిపెట్టి, మరునాడు తెల్లవారి ఇక్కడి నుంచే బయలుదేరతామని చెప్పి పోయాడు.

ఆ పగలంతా కంబన్న ఆ బండి మీదే ఉన్నాడు. ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం గాలిలోకి లేపాడు. బ్రేకు క్యాలిపర్‌ను , అంటే చక్రం పళ్లేన్ని నొక్కి ఆపే భాగాన్ని, పట్టి ఉంచే రెండు నల్ల బోల్టులు విప్పి, దాన్ని తీగతో పక్కకు కట్టాడు. చక్రం, మడ్‌గార్డు ఊడదీసి, ఫోర్కు గొట్టాలు రెండూ బయటికి లాగాడు. మూతలు తిప్పి పాత స్ప్రింగులు తీస్తే నల్లటి నూనె కారింది, చేపల కంపు కొట్టింది. గొట్టాలు కడిగి ఆరబెట్టి, కొత్త నూనె పోసి, గాలి పోయేదాకా కడ్డీని పైకీ కిందికీ ఆడించి, స్కేలు పెట్టి నూనె మట్టం చూశాడు. ఆ తర్వాత కొత్త స్ప్రింగులు జారవిడిచి మూతలు బిగించాడు. ఇదంతా చేసేటప్పుడు అతని చేతులు ఎక్కడా తడబడలేదు. ఆ పని చేతులకే గుర్తుంది.

చక్రం ఎక్కించాక క్యాలిపర్ దగ్గరికి వచ్చాడు. పై బోల్టు బిగించాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఒక ఆటో ముందు చక్రం ఊడి పడిపోయింది. కేకలు విని కంబన్న లేచి పరుగెత్తాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆటోను పక్కకు జరిపి, డ్రైవరుకు నీళ్లిచ్చి, తిరిగి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. బండిని జాకీ మీద నుంచి దించాడు. హ్యాండిలు నొక్కి చూస్తే ముందు భాగం కొంచెమే దిగి, నెమ్మదిగా లేచి, అక్కడే నిలిచింది. తృప్తిగా దాని మీద గుడ్డ కప్పాడు.

తెల్లవారి రంగనాథ్ వచ్చేసరికి కంబన్న బండిని బయటికి తీసి పెట్టాడు. అంజలి సామానుతో ఆటోలో వస్తోందని రంగనాథ్ చెప్పాడు. "వచ్చేదాకా తింటా ఉండండి సారూ," అని కంబన్న తాళాలు చేతిలో పెట్టి, డబ్బాలు తీసుకుని నీళ్ల ప్లాంటుకు పోయాడు. అక్కడ వరస పెద్దది. తిరిగి వచ్చేసరికి వాళ్లిద్దరూ బయలుదేరి పోయారు. గిడ్డమ్మ చుట్టూ జనం మూగి ఉన్నారు.

బల్ల సర్దుదామని కంబన్న షెడ్డులోకి పోయాడు. పాత స్ప్రింగులు రెండూ పక్కన పెట్టి, నూనె గుడ్డ ఎత్తాడు. కింద తట్టలో ఒక నల్ల బోల్టు ఉంది.

చేతిలోకి తీసుకుని చూశాడు. క్యాలిపర్ బోల్టు. రంగనాథ్ బండిదే.

పై బోల్టు బిగించడం గుర్తుంది. ఆటో పడిపోవడం గుర్తుంది. ఆ తర్వాత కింది బోల్టు బిగించాడా అని వెతికితే లోపల ఏమీ దొరకలేదు. సున్నం కొట్టిన గోడలాగా అంతా తెల్లగా ఉంది. ఒక్క బోల్టు మీద వేలాడే క్యాలిపర్ ఏం చేస్తుందో అతనికి బాగా తెలుసు. మామూలుగా పోయేటప్పుడు ఏమీ తెలియదు. గట్టిగా బ్రేకు నొక్కిన రోజు అది గిర్రున తిరిగి చక్రంలో పడుతుంది. చక్రం ఉన్నచోటే బిగుసుకుపోతుంది. మీద ఉన్నవాళ్లు ముందుకు ఎగిరి పడతారు.

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. హెల్మెట్టులో ఉన్న మనిషికి ఎక్కడ వినిపిస్తుంది. మళ్లీ చేశాడు. ఓర్వకల్లు రాళ్ల దగ్గర ఫోటోలు తీసుకుంటామని రంగనాథ్ నిన్న అన్నట్టు గుర్తొచ్చింది. అన్నాడా, లేక వేరే ఎవరైనా అన్నారా? అదీ నమ్మకంగా తెలియదు. బోల్టు, పానా జేబులో వేసుకుని స్కూటరు తీశాడు.

"యాడికి పోతాండావు?" అని గిడ్డమ్మ జనం మధ్య నుంచి అడిగింది.

"ఈడికే," అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

నంద్యాల రోడ్డు మీద ఎండ అప్పుడే కళ్లలో పొడుస్తోంది. రెండు పక్కలా కంపచెట్లు, మధ్య మధ్య రాళ్లు. యాక్సిలరేటరు ఎంత తిప్పినా స్కూటరు వేగం పెరగడం లేదు. ప్రతి లారీ వెనక కనిపించిన ఎర్ర దీపమూ అతనికి ఆ బండే అనిపించింది. అంజలి ముఖం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. ఇంతకుముందు రెండు మూడుసార్లు చూసిన మనిషే, అయినా రాలేదు.

ముందర రోడ్డు మీద జనం గుమిగూడి ఉన్నారు. ఒక లారీ అడ్డంగా నిలిచింది. నల్లటి టైరు గీత రోడ్డు పొడుగునా సాగి, చివర్లో తడిగా ఎర్రబడి ఉంది. కంబన్న స్కూటరు దిగాడు. నిలబడిన చోటి నుంచే ఎదురుగా ఉన్న మనిషిని అడిగాడు.

"ఎవరప్పా?"

"గొర్రెలు," అన్నాడా మనిషి. "కారోడు గుద్దేసి పోయినాడు. ఆరేడు పోయినాయి."

కంబన్న జనాన్ని తోసుకుని చూశాడు. నిజంగా గొర్రెలే. కాపరి రోడ్డు మీద కూర్చుని ఒకదాని తల ఒళ్లో పెట్టుకున్నాడు. "పెద్ద బండి ఒకటి పోయిందా ఇట్ల? మొగుడూ పెళ్లామూ?" అని కంబన్న అతన్నే అడిగాడు. కాపరి తలెత్తి అతని వంక చూశాడు. ఆ చూపుకు కంబన్నకు సిగ్గేసింది. మళ్లీ స్కూటరు ఎక్కాడు.

ఓర్వకల్లు రాళ్ల దగ్గర బండి నిలబడి ఉంది. పక్కనే రంగనాథ్ సెల్‌ఫోన్ పైకెత్తి అంజలికి ఫోటో తీస్తున్నాడు. కంబన్న స్కూటరు ఆపాడు. పలకరించకుండానే పోయి బండి ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

క్యాలిపర్‌కు రెండు బోల్టులూ ఉన్నాయి. పైది నల్లది. కిందిది తెల్లగా మెరుస్తోంది.

వేలు పెట్టి తిప్పాడు. కదల్లేదు. పానా వేసి చూశాడు. గట్టిగానే ఉంది. కానీ అది అతను బిగించింది కాదు. తన షెడ్డులో బ్రేకులకు తెల్ల బోల్టు వాడడు.

"ఏమప్పా, ఇంత దూరం వచ్చినావు?" రంగనాథ్ ఆశ్చర్యంగా దగ్గరికి వచ్చాడు. "దానికేనా? పొద్దున గిడ్డమ్మక్క చూసింది గదా. నేను బజ్జీ తింటాంటే పానా తెచ్చుకుని బండి చుట్టూ తిరిగింది. నువ్వే చూడమన్నావని చెప్పింది."

కంబన్న తెల్ల బోల్టును ఇంకోసారి వేలితో తడిమాడు. "అవును, నేనే చెప్పినా," అన్నాడు. "తెల్లది బ్రేకుకు బలం సాలదు సారూ. నల్లది ఏద్దామని వచ్చినా."

జేబులోని బోల్టు తీసి, తెల్లదాన్ని విప్పి మార్చాడు. బిగించిన బోల్టునే మళ్లీ రెండుసార్లు బిగించాడు. రంగనాథ్ అది గమనించలేదు, అతని శ్రద్ధకు సంతోషిస్తూ నిలబడ్డాడు. అంజలి గమనించింది.

"అన్నా," అందామె మెల్లగా. "ఏమన్నా ఉంటే చెప్పు. మేము శానా దూరం పోవాల."

కంబన్న తల వంచుకుని, మిగతా బోల్టులన్నిటికీ ఒక్కొక్కదానికి పానా వేసి చూశాడు. చక్రం ఇరుసు, ఫోర్కు బిగింపులు, పై మూతలు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. అయినా లేచి నిలబడి, "కడపలో ఎవరికన్నా ఇంకోసారి చూపిచ్చుకోండమ్మా," అన్నాడు.

రంగనాథ్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఒక మెకానిక్కు నోటి నుంచి ఆ మాట వస్తుందని అతను అనుకోలేదు. "అట్లే లేప్పా," అన్నాడు చివరికి. వాళ్లు నిదానంగా, మామూలుకన్నా చాలా నిదానంగా బయలుదేరడం కంబన్న చూశాడు.

తిరుగుదారిలో అతను గిడ్డమ్మ గురించే ఆలోచిస్తున్నాడు. ఏం అడగాలి, ఎట్లా అడగాలి. అలా ఎంత దూరం వచ్చాడో తెలియదు. పచ్చ బోర్డు ఒకటి కనిపిస్తే తలెత్తి చదివాడు. నంద్యాల అని ఉంది, బాణం గుర్తు ముందుకే చూపిస్తోంది.

స్కూటరు ఆపాడు. కర్నూలు పోవాల్సినవాడు నంద్యాల వైపు పోతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఒకటే రోడ్డు, ఒకే రకం కంపచెట్లు. ముందుకు చూసినా అవే. ముప్పయ్యేళ్లుగా తిరిగిన దారి. కర్నూలు ఎటు వైపో అతనికి తోచలేదు. బోర్డు ముందుకు చూపిస్తోంది కాబట్టి ఊరు వెనక ఉండాలి. అది లెక్క వేసుకుంటే తెలిసింది గానీ, తనకుగా తెలియలేదు. బస్సు కోసం నిలబడిన ముసలామెను అడిగాడు.

"కర్నూలు యాడుండాదమ్మా?"

ఆమె వింతగా చూసి, చేయి చాపి అతని వెనక్కి చూపించింది.

షెడ్డు చేరేసరికి తోపుడు బండి దగ్గర జనం లేరు. గిడ్డమ్మ బాణలి కడుగుతోంది. కంబన్న తెల్ల బోల్టు తీసి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని చూసింది, చేతులు ఆపలేదు.

"నల్లది కనపడలా. డబ్బాలో ఇది సరిపోయింది," అంది. "నువ్వు వచ్చినాక చెప్దామనుకుంటి. జనం మద్దెలో కుదర్లా, అంతలోనే పోయినావు."

"ఎప్పటి సంది చూస్తాండావు?"

"ఉగాది ముందర నుంచి. ఒక టీచరమ్మ స్కూటీకి ఇరుసు నట్టు వేలితో తిరుగుతాండె. ప్లేటిచ్చేటప్పుడు నా కంట పడింది. ఆ పొద్దు నుంచి అన్నీ చూస్తాండా. నువ్వు చేసేది ఇన్నేండ్లు పక్కనే కూర్చొని చూసినా గదా."

"ఎన్ని దొరికినాయి?"

గిడ్డమ్మ బాణలి బోర్లించింది.

"చెప్పు."

"లెక్క పెట్టలా," అంది.

కంబన్న స్టూలు మీద కూర్చున్నాడు. అతనికి కోపం రావాలి, రాలేదు. "నాకేంటికి చెప్పలేదు?"

"చెప్తే షెడ్డు మూస్తావు. ఇంట్లో కూర్చుంటే అత్త మాదిరి అయితావని బయమేసింది." ఆమె బాణలి మీది నీళ్లు తుడిచింది. "ఇప్పుడు షెడ్డు తెరిచినా బయంగానే ఉండాది."

దారి తప్పిన సంగతి కంబన్న ఆమెకు చెప్పాడు. అంతా విని, ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి పక్కన నిలబడింది. ఆ వారంలోనే ఇద్దరూ పెద్దాసుపత్రికి పోయారు. తలకు స్కానింగు తీశారు. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిగ్గా చెప్పింది. ఇది తగ్గే జబ్బు కాదు, ముదరడం నెమ్మదించడానికి మాత్రలు ఇస్తాను, తెలిసిన పనులు చేస్తూ ఉండనివ్వండి, ఒంటరిగా మాత్రం వదలకండి అంది. కంబన్న తల ఊపాడు. బయటికి వచ్చాక, "ఆయమ్మ ఏమనె?" అని అడిగాడు. గిడ్డమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

షెడ్డు మూయలేదు. కానీ బ్రేకులూ ఫోర్కులూ గిడ్డమ్మ పక్కన లేకుండా కంబన్న ముట్టుకోకూడదని ఇద్దరూ అనుకున్నారు. పొద్దుటి బేరం అయ్యాక ఆమె తోపుడు బండి పక్కకు నెట్టి పానా పట్టుకునేది. అతను చెప్పేవాడు, ఆమె బిగించేది. కొన్నాళ్లకు అతను చెప్పడం తగ్గింది. విప్పిన గొట్టం చేతిలో పట్టుకుని రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ కూర్చునేవాడు. గిరాకీలు పలచబడ్డారు. గిడ్డమ్మ పంక్చర్లు, ఆయిలు మార్చడం, చైను బిగించడం ఒక్కతే చేసేది. పెద్ద పనులు వస్తే వద్దని పంపేసేది.

మరుసటి ఏడాది చలికాలంలో రంగనాథ్ మళ్లీ వచ్చాడు, ఆయిలు మార్పించుకోవడానికి. కంబన్న జబ్బు గురించి ఊళ్లో మాటలు అతని చెవిన పడ్డాయి. అయినా కంబన్న స్టూలు మీద నుంచి లేచి ఎదురొచ్చి, "రా సారూ, కూచో," అనేసరికి తేలికపడ్డాడు. కంబన్న బండి చుట్టూ తిరిగాడు. పాత అలవాటుతో హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని బరువంతా వేసి నొక్కాడు. ముందు భాగం కొంచెం దిగి, నెమ్మదిగా లేచి, నిలిచింది. అతని ముఖం వెలిగింది. మళ్లీ నొక్కాడు.

"ఎవరు చేసినారు సారూ ఈ పని?"

రంగనాథ్‌ గిడ్డమ్మ వైపు చూశాడు. ఆమె బండి కింద నూనె తట్ట జరుపుతూ, తలెత్తకుండానే వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది.

"బయట చేయించినాలేప్పా," అన్నాడు రంగనాథ్.

"మంచి చెయ్యి," అన్నాడు కంబన్న. "బోల్టులు గూడా సరిగ్గా చూసినాడా?"

"చూసినాడు," అంది గిడ్డమ్మ.

కంబన్న ఆ మాట విన్నాడో లేదో, ఇంకోసారి హ్యాండిలు నొక్కి, అది దిగి పైకి రావడం చూస్తూ నిలబడ్డాడు.